బండి బ్యాటరీకి ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టడం, ఏళ్ల తరబడి కాపాడుకోవడం

సెల్ఫ్ నొక్కితే ఇంజను తిరగదు, పక్క ప్యానెల్ లోపల రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు పంపే స్విచ్) మాత్రం టకటక కొట్టుకుంటుంది. హారన్ బొంగురుపోతుంది, ఇండికేటర్ వెలిగీ వెలగనట్టు ఉంటుంది. ఇవన్నీ బ్యాటరీ దిగిపోయిన గుర్తులే. అయితే అది దిగిపోయిందా, పూర్తిగా పాడైపోయిందా అన్నది పైకి చూస్తే తేలదు. దిగిపోయినదాన్ని రాత్రంతా నిదానంగా ఛార్జ్ చేస్తే మళ్లీ బాగా పనిచేస్తుంది. పాడైనదానికి ఎన్ని గంటలు పెట్టినా వారం తిరక్కుండా మొదటికొస్తుంది. షాపుకు తీసుకెళ్తే రెండింటికీ తరచుగా వినపడే సలహా ఒకటే: కొత్తది వేసుకోండి. ఇంట్లో ఒక మల్టీమీటరు, ఒక చిన్న ఛార్జరు ఉంటే ఆ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

పాత కార్బురేటర్ బండ్లయితే బ్యాటరీ లేకపోయినా నాలుగు కిక్కులు కొట్టి నెట్టుకురావచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పెట్రోలు పంపుకీ, ఇంజెక్టర్‌కీ, వాటిని నడిపే ఈసీయూకీ (బండిలోని చిన్న కంప్యూటరు) కరెంటు కావాలి. బ్యాటరీ బాగా దిగితే కిక్ ఉన్నా బండి లేవకపోవచ్చు, చాలా మోడళ్లకు ఇప్పుడు కిక్కే లేదు. అందుకే ఇదివరకు నిర్లక్ష్యం చేసినా గడిచిపోయిన పని, ఇప్పుడు గడవదు.

ముందు మీ బ్యాటరీ ఏ రకమో చూసుకోండి

సీటు తీసి గానీ, పక్క ప్యానెల్ విప్పి గానీ చూడండి. కొన్ని స్కూటర్లలో కాళ్లు పెట్టుకునే చోట మూత కింద ఉంటుంది. డబ్బా తెల్లగా, లోపలి నీళ్లు బయటికి కనిపించేలా ఉండి, పైన ఆరు మూతలు, పక్కన సన్నటి రబ్బరు గొట్టం ఉంటే అది నీళ్లు పోసే రకం. నల్లగా, అంతా మూసేసినట్టు, మూతలు లేకుండా ఉంటే మెయింటెనెన్స్ ఫ్రీ. ఇందులో యాసిడ్ విడిగా ఉండదు, ప్లేట్ల మధ్య ఉన్న గాజు నూలు లాంటి పొరలో ఇంకిపోయి ఉంటుంది. దీని పైపట్టీని స్క్రూడ్రైవర్‌తో లేపి నీళ్లు పోసే వీడియోలు బోలెడు కనిపిస్తాయి. ఆ పని చేయకండి. లోపల పుట్టిన గ్యాసును మళ్లీ నీటిగా మార్చుకునే ఏర్పాటు ఆ బ్యాటరీలో ఉంది, పట్టీ లేపితే అది చెడుతుంది.

తర్వాత లేబుల్ మీద ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) అంకె చూడండి. స్కూటర్లు, 100 సీసీ బండ్లలో సాధారణంగా 3 నుంచి 5, 150 సీసీ చుట్టుపక్కల కొన్నింట్లో 8 లేదా 9, కొన్ని పెద్ద బండ్లలో 12, 14 ఉంటుంది. ఛార్జింగ్ లెక్క మొత్తం ఈ అంకె మీదే నడుస్తుంది. పాత యెజ్డీ, రాజ్‌దూత్ లాంటివి బాగు చేసుకుని వాడేవాళ్లు మాత్రం వోల్టేజీ కూడా చూసుకోవాలి, వాటిలో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. దానికి 12 వోల్టుల ఛార్జరు తగిలిస్తే ఉడికిపోతుంది.

ఏ ఛార్జరు, ఎంత కరెంటు

సూత్రం చిన్నది: ఏహెచ్‌లో పదో వంతు కరెంటు. 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్, 9 ఏహెచ్‌కు 0.9 ఆంపియర్. మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీల మీద చాలావాటికి ఈ మాట అచ్చువేసే ఉంటుంది: ఇన్ని ఆంపియర్లు, 5 నుంచి 10 గంటలు. పక్కనే త్వరగా ఎక్కించడానికి ఇంకో పెద్ద అంకె ఉంటుంది. అది అత్యవసరానికే, అలవాటుకు కాదు.

12 వోల్టులు, అర నుంచి ఒక ఆంపియర్ ఇచ్చే ఆటోమేటిక్ ఛార్జరు కొనుక్కుంటే ఇంట్లో రెండు బండ్లున్నా సరిపోతుంది. అది మొదట కరెంటును కట్టడి చేస్తుంది. వోల్టేజీ 14.4 దగ్గరికి వచ్చాక అక్కడ ఆపి కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది. నిండాక 13.5 నుంచి 13.8 మధ్యకు దిగి అక్కడే కాపలా కాస్తుంది. లిథియం బ్యాటరీ బిగించుకున్న బండి అయితే దానికి ప్రత్యేకమైన ఛార్జరే వాడాలి. లెడ్ బ్యాటరీల ఛార్జర్లలో ఉండే సల్ఫేషన్ (ప్లేట్ల మీద కట్టే సల్ఫేటు పెచ్చు) వదిలించే మోడ్ లిథియానికి పనికిరాదు.

ఇంట్లో ఉన్నవాటితో సర్దుకుందాం అనుకునేవాళ్లు చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీ తీసి ఆ వైర్లకు బండి బ్యాటరీ తగిలించడం అన్నిటికంటే ప్రమాదం. ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని 10, 15 ఆంపియర్లు తోస్తుంది. 5 ఏహెచ్ బ్యాటరీకి అది దాని ఏహెచ్ అంకెకే రెండు మూడింతలు, డబ్బా ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు ఇస్తుంది కాబట్టి అదీ వద్దు. వైఫై రూటర్ అడాప్టర్‌తో నష్టం తక్కువే గానీ లాభం సున్నా. నిండిన బ్యాటరీయే 12.7 చూపిస్తుంది, 12 వోల్టులతో దాన్ని ఎలా నింపుతారు? నీళ్లలాగే కరెంటు పారేది కూడా ఎప్పుడూ పైనుంచి కిందికే.

బ్యాటరీ షాపులో ఇచ్చేటప్పుడు కూడా ఒక మాట చెప్పాలి. చాలాచోట్ల ఏడెనిమిది బ్యాటరీలను ఒకే వరసలో కలిపి ఒకే కరెంటు పంపిస్తారు. ఆ వరసలో కారు బ్యాటరీల పక్కన మీ 4 ఏహెచ్ బ్యాటరీ ఉంటే దానికీ అదే కరెంటు పోతుంది. "స్లోగా పెట్టండి, అర ఆంపియర్ మించొద్దు" అని చెప్పి ఇవ్వండి. కుదరదంటే వెనక్కి తెచ్చుకోండి.

మీటరు పెట్టి చూడటం

బండి ఆపిన వెంటనే చూసిన వోల్టేజీని నమ్మకండి. ఛార్జింగ్ వేడిలో అర వోల్టు దాకా ఎక్కువ చూపిస్తుంది. రాత్రి ఆపి పొద్దున చూడటం మంచిది. అంత ఓపిక లేకపోతే తాళం ఆన్ చేసి లైట్లో, ఇండికేటర్లో ఒక నిమిషం వెలిగించి, ఆపేసి, ఐదు నిమిషాల తర్వాత చూడండి. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర కడ్డీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనించండి. కేబుల్ లగ్గుకు (వైరు చివరి రింగు) కాదు, బ్యాటరీ సీసపు టెర్మినల్‌కే ఆనించాలి.

నీళ్లు పోసే రకంలో 12.6 దాటితే నిండినట్టు. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 సగం, 12.0 పావు. 11.9 కంటే తగ్గితే ఖాళీ. మెయింటెనెన్స్ ఫ్రీలో ప్రతి అంకెకూ 0.1 నుంచి 0.2 కలుపుకోండి, నిండితే 12.8 పైనే ఉండాలి. 12.4 దగ్గర గీత గీసుకోండి. అంతకంటే తగ్గిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి పెచ్చులా కడుతుంది. ఆ తర్వాత ఛార్జింగ్ దానిలోకి ఎక్కదు. బండి బ్యాటరీల్లో ఎక్కువ భాగం వయసు మీరి కాదు, ఇలా సగం ఆకలితో పడి ఉండి పోతాయి.

10.5 చుట్టూ ఆగి ఉంటే కథ వేరే. లోపల ఉన్న ఆరు సెల్స్‌లో ఒక్కొక్కటీ 2.1 ఇస్తుంది. ఒక సెల్ లోపల షార్ట్ అయితే మిగిలిన ఐదు కలిపి 10.5 చూపిస్తాయి. ఒకసారి ఛార్జ్ చేసి చూడండి. మళ్లీ అక్కడికే దిగితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

బండి నుంచి తీయడం

తాళం ఆపి, చేతి ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోండి. 10 నంబరు స్పానరు, లేదంటే స్టార్ స్క్రూడ్రైవర్ సరిపోతుంది. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్. ఈ వరస వెనక కారణం ఉంది. బండి ఫ్రేమంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పుతుండగా స్పానరు ఫ్రేముకు తగిలిందో, పూర్తి షార్ట్. నిప్పురవ్వలు, కాలిన వేళ్లు, కొన్నిసార్లు ఫ్యూజు. మైనస్ ముందు తీసేస్తే స్పానరు ఎక్కడ తగిలినా ఏమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు ఇదే వరస తిరగేయాలి: ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

చిన్న బ్యాటరీల టెర్మినల్ లోపల నాలుగు పలకల నట్టు ఒకటి వదులుగా ఉంటుంది. బోల్టు తీయగానే అది జారి ఇంజను సందుల్లో పడుతుంది. బిగించేటప్పుడూ బోల్టుకు అందక విసిగిస్తుంది. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క పెడితే పైకి లేచి ఉండి బోల్టు ఇట్టే పట్టుకుంటుంది.

నీళ్లు పోసే రకమైతే గొట్టం ఏ దారిలో వెళ్తోందో తీసేముందే ఫోటో తీసుకోండి. ఆ గొట్టంలోంచి యాసిడ్ ఆవిరి, ఒక్కోసారి చుక్కలు వస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం మడత పడితే గ్యాసు బయటికి పోలేక డబ్బా ఉబ్బుతుంది. చైను మీదో, సైలెన్సర్ మీదో పడేలా వదిలేస్తే నెలల్లో తుప్పు పడుతుంది.

ఇంకో హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "బండి ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టే" అని తేల్చే పద్ధతి రోడ్డు పక్క షెడ్డుల్లో ఇంకా కనిపిస్తుంది. వోల్టేజీని మెత్తగా పట్టి ఉంచేది బ్యాటరీయే. అది లేకపోతే ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి ఈసీయూ, మీటరు బోర్డు, బల్బులు పోవచ్చు. మీ బండి మీద ఎవరినీ ఈ పరీక్ష చేయనివ్వకండి.

ఛార్జింగ్ పెట్టడం

గాలి ఆడే చోట, ఎండ పడని చోట, పిల్లలకు అందని చోట, చెక్క మీదో ప్లాస్టిక్ పీట మీదో పెట్టండి. వంటగది, పూజగది దగ్గర వద్దు. ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, దీపం, బీడీ, అగరుబత్తి ఏదైనా దానికి చాలు.

నీళ్లు పోసే రకంలో ఇప్పుడు మట్టం చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేవరకు మాత్రం డిస్టిల్డ్ వాటర్ పోయండి, పైగీత దాకా పోయకండి. ఛార్జ్ అవుతుంటే మట్టం పెరుగుతుంది, ముందే నింపితే పొంగి పొర్లుతుంది. పైగీత వరకు నింపే పని ఛార్జింగ్ అయ్యాక. ఆరు మూతలూ వదులు చేసి పైనే ఉంచండి.

ఛార్జరు ప్లగ్ బోర్డులో పెట్టకముందే క్లిప్పులు తగిలించండి, ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. రెండుసార్లు చూసుకున్నాకే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు. క్లిప్పు దగ్గర పుట్టే రవ్వ, బ్యాటరీ పైన పేరుకున్న గ్యాసు కలవకూడదని ఈ జాగ్రత్త.

ఎంతసేపు? 9 ఏహెచ్ బ్యాటరీ 12.2 చూపిస్తోంది, అంటే సగం ఖాళీ, 4.5 ఏహెచ్ ఎక్కాలి. ఎక్కేటప్పుడు కొంత వేడిగా, గ్యాసుగా పోతుంది కాబట్టి ఐదో వంతు కలపండి, 5.4 అవుతుంది. 0.9 ఆంపియర్ మీద 6 గంటలు. చివర్లో కరెంటు తగ్గుతూ పోతుంది కనుక ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక పెడితే తెల్లారేసరికి ఐపోతుంది. ఆటోమేటిక్ కట్ఆఫ్ లేని పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరైతే మాత్రం రాత్రంతా వదిలి నిద్రపోకండి, పగలే పెట్టి గంటకోసారి మీటరు చూడండి. మెయింటెనెన్స్ ఫ్రీలో 14.8 దాటనివ్వకండి.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేసి చల్లారనివ్వాలి. మన ఎండాకాలానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక లెక్క ఉంది. 14.4 అన్న అంకె 25 డిగ్రీల వేడికి చెప్పింది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 24 మిల్లీవోల్టులు తగ్గించాలి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో షెడ్డు లోపల 42 డిగ్రీలుంటే, 17 డిగ్రీలకు 0.4 వోల్టు, అంటే 14.0 చాలు. అన్ని ఛార్జర్లూ ఈ సర్దుబాటు చేసుకోవు. అందుకే వేసవిలో రాత్రి చల్లబడ్డాకే పెట్టండి.

బాగా దిగిపోయిన బ్యాటరీని కొన్ని ఆటోమేటిక్ ఛార్జర్లు అసలు గుర్తించవు, ఎర్రలైటు వేసి ఊరుకుంటాయి. అప్పుడు ఇంకో మంచి 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి, ఛార్జరు కూడా పెట్టి, పది నిమిషాలు ఉంచండి. తర్వాత మంచి బ్యాటరీని విప్పేస్తే మిగిలిన దాన్ని ఛార్జరు చాలావరకు పట్టుకుంటుంది. కళ్లముందే చేయాల్సిన పని ఇది, పెట్టి వెళ్లిపోకూడదు.

ఛార్జింగ్ తర్వాత తీర్పు

క్లిప్పులు తీసి కనీసం నాలుగైదు గంటలు ముట్టుకోకండి. అప్పుడు 12.6 లేదా 12.8 పైన నిలబడితే సంతోషం. మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. 0.1 కంటే ఎక్కువ పడకపోతే బ్యాటరీ మంచిదే, దిగిపోవడానికి కారణం బండిలో ఉంది.

సల్ఫేటు పెచ్చు కట్టిన బ్యాటరీ మోసం చేస్తుంది. ఖాళీగా ఉన్నది కాస్తా అరగంటలోనే 14.4కు చేరి ఛార్జరులో పచ్చలైటు వస్తుంది. నిండిందనుకుంటారు. క్లిప్పులు తీసిన గంటకే 12.2. లోపలికి ఏమీ వెళ్లలేదు, తలుపు దగ్గరే ఆగిపోయిందంతే. దీన్ని పదో వంతు కాదు, ఇంకా తక్కువ, ఏహెచ్‌లో ఇరవయ్యో వంతు కరెంటుతో ఒక రోజు పెట్టి చూడొచ్చు. పెచ్చు కొత్తదైతే కొంత కరుగుతుంది. పాతదైతే కరగదు. భేది ఉప్పు కలిపితే, ఇంకేదో పొడి వేస్తే బతుకుతుందని చెప్పేవాటి మీద డబ్బు పెట్టకండి. దీనికి ఎదురు రకం, గంటలు గడిచినా 13 దాటక డబ్బా ఒకవైపు వేడెక్కేది. అది సెల్ షార్ట్. ఇక పెట్టడం ఆపండి.

నీళ్లు పోసే రకంలో హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఇంకా నిక్కచ్చిగా చెబుతుంది. నిండిన సెల్‌లో 1.260 నుంచి 1.280 చూపిస్తుంది, 1.200 ఉంటే సగం దగ్గర, 1.120 అంటే ఖాళీ. ఆరు సెల్స్ ఒకేలా ఉండటం ముఖ్యం. ఐదు 1.260 ఉండి ఒకటి 1.200 దగ్గర ఆగిందంటే ఆ ఒక్క సెల్ మిగిలినవాటిని లాగేస్తుంది. మట్టం తక్కువైనప్పుడు యాసిడ్ పోయడం మామూలు పొరపాటు. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. మళ్లీ యాసిడ్ పోస్తే గాఢత పెరిగి ప్లేట్లను తినేస్తుంది. బండి పడి యాసిడ్ ఒలికిపోతే తప్ప పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలో, ముఖ్యంగా ఉప్పదనం, ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాల నీళ్లలో లవణాలు ప్లేట్లను పాడు చేస్తాయి. ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానమనేవాళ్లున్నారు గానీ అందులో కాయిల్ మీది దుమ్ము, లోహపు రజను ఉంటాయి. లీటరు సీసా కొంటే ఏడాది పైన వస్తుంది, అక్కడ పొదుపు ఎందుకు?

ఇక సెల్ఫ్ పరీక్ష. బ్యాటరీ బండిలో బిగించి, మీటరు ఆనించి ఉంచి సెల్ఫ్ నొక్కండి. తిరిగేటప్పుడు వోల్టేజీ 9.5, 10కి దిగువన పడకూడదు. 12.7 నుంచి ఒక్కసారిగా 7కు పడితే బ్యాటరీలో బలం లేదు. అలా కాకుండా 12.4 మీదే నిలబడి రిలే టక్కుమని మోటారు కదలకపోతే, బ్యాటరీ నిర్దోషి. రిలే, కేబుల్ లేదా సెల్ఫ్ మోటారు చూపించండి. ఈ ఒక్క పరీక్ష చేయక ఎందరో కొత్త బ్యాటరీలు కొంటారు.

బండి బ్యాటరీని నింపుతోందా

ఇంజను స్టార్ట్ చేసి, మీటరు బ్యాటరీకే ఆనించి చూడండి. ఐడిల్‌లో 13 పైన, యాక్సిలేటర్ ఇచ్చి 4 నుంచి 5 వేల ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్, బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని అదుపు చేసేది) పోయిందో, దాని ఎర్త్ వదులైందో. నీళ్లు పోసే రకంలో ఆరు సెల్స్‌లోనూ నీళ్లు త్వరత్వరగా తగ్గడం, మెయింటెనెన్స్ ఫ్రీలో పక్కలు ఉబ్బడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం దీని ఫలితాలే. ఆర్ఆర్ మార్చకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ నెలల్లో పోతుంది.

రేజ్ చేసినా 12.5 మీద ఉండిపోతే ఛార్జింగ్ రావడం లేదు. ముందు ఆర్ఆర్ యూనిట్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) పీకి చూడండి. పిన్నులు గోధుమ రంగుకు మాడి, ప్లాస్టిక్ కరిగి ఉండటం చాలా మామూలు. చాలాసార్లు జబ్బు అంతే. కప్లర్ బాగుంటే మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) చూడాలి. మూడు పసుపు వైర్లు ఉన్న బండ్లలో ఏ రెండింటి మధ్య అయినా ఒక ఓమ్ చుట్టుపక్కలే, మూడింటిలోనూ ఒకేలా రావాలి, ఏ వైరూ ఇంజను బాడీకి కలవకూడదు.

మ్యాగ్నెట్ నుంచి వచ్చే కరెంటు స్పీడును బట్టి ఉంటుంది. 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు పెట్టుకుంటే అవే 3.3 ఆంపియర్లు తినేస్తాయి. ట్రాఫిక్‌లో, ఐడిల్‌లో చిన్న బండ్లకు అంత మిగులు ఉండదు. హైవే మీద తిరిగేవాళ్లకు ఇబ్బంది రాదు, అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య తిరిగేవాళ్లకు వస్తుంది.

తాళం తీసినా కారుతున్న కరెంటు

నాలుగు రోజులు నిలిపితే దిగిపోతోంది, నడిపితే బాగుంటోంది అంటే ఎక్కడో లీకు ఉంది. మైనస్ వైరు విప్పి, మీటరు ఎర్ర కడ్డీని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక కడ్డీ విప్పిన వైరుకు, రెండోది మైనస్ టెర్మినల్‌కు ఆనించండి. తాళం ఆపి ఉండాలి, పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. సున్నా దగ్గర చూపిస్తే మిల్లీఆంపియర్ల రేంజికి రండి. మామూలు బండి ఒకటి రెండు మిల్లీఆంపియర్లు తీసుకోవచ్చు. అలారం, జీపీఎస్ ట్రాకర్ పెట్టిన బండి 10 తీసుకుంటే, నెలకు 7.2 ఏహెచ్ కారిపోయినట్టు. 5 ఏహెచ్ బ్యాటరీ మూడు వారాలకు ఖాళీ. అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కోటీ పీకుతూ చూడండి, ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. మొబైల్ ఛార్జర్ సాకెట్టును తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉండటం తరచుగా దొరికే కారణం.

పరీక్ష అయ్యాక ఎర్ర కడ్డీని వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోకండి. ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచి తర్వాత వోల్టేజీ చూడబోతే మీటరు గుండా బ్యాటరీ షార్ట్ అవుతుంది.

నెలవారీ పని

నీళ్ల మట్టం వేసవిలో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి చూస్తే చాలు. టెర్మినల్ మీద తెల్ల పొడి, పచ్చటి బూజు కడితే ఒక గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, నురగ ఆగాక మంచినీళ్లతో కడిగి తుడవండి. మూతలు బిగించి ఉన్నాయో లేదో ముందే చూడాలి, సోడా లోపలికి వెళ్తే యాసిడ్ విరిగిపోతుంది. గరుకు కాగితంతో లగ్గు, టెర్మినల్ మెరిసేలా రుద్ది, బిగించి, ఆ పైన వ్యాజిలైన్ రాయండి. ముందే రాసి బిగిస్తే అది లోపలే ఉండి కాంటాక్టును పాడు చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పని తరచుగా పడుతుంది. వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు ప్రెషర్ గన్ బ్యాటరీ మీద, కప్లర్ల మీద కొట్టవద్దని చెప్పండి.

యాసిడ్ చేతికి తగిలితే ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూ ఉండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. నిమ్మరసం, సోడా కంటికి దగ్గరికి కూడా రానివ్వొద్దు.

బండి నెలల తరబడి నిలిపి ఊరెళ్లేవాళ్లకు

ఉద్యోగానికో చదువుకో విదేశాలకు వెళ్లి, బండి ఇంటి దగ్గర వదిలే వాళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పే మాట ఒకటుంది: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచు నాన్నా అని. సెల్ఫ్ తీసుకున్నదాన్ని ఆ ఐదు నిమిషాలు మహా అయితే తిరిగి ఇస్తాయి. దిగుతున్న బ్యాటరీని పైకి లేపవు. 2017 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది కాబట్టి ఐడిల్‌లో మిగిలేది మరీ తక్కువ. పైగా చల్లని ఇంజనులో, సైలెన్సర్‌లో తేమ చేరుతుంది. స్టార్ట్ చేస్తే అరగంట రోడ్డు మీద తిప్పాలి, లేదా అసలు ముట్టుకోకూడదు.

రెండు మూడు వారాలు దాటేలా ఉంటే బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి మైనస్ వైరు విప్పేయండి. గడియారం, ట్రిప్ మీటరు సున్నాకు రావచ్చు, అంతకు మించి నష్టం ఉండదు. ఆరు నెలలైతే బ్యాటరీ తీసి ఇంట్లో చల్లటి చోట పెట్టండి. నేల మీద పెడితే ఛార్జింగ్ దిగుతుందని భయపడక్కర్లేదు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలతో అది జరగదు. నీళ్ల రకాన్ని నెలకోసారి, మెయింటెనెన్స్ ఫ్రీని రెండు మూడు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టించండి. వేడి పది డిగ్రీలు పెరిగితే దానంతట అది దిగే వేగం సుమారు రెట్టింపు అవుతుంది, కాబట్టి ఎండాకాలంలో ఈ గడువులు సగం చేసుకోండి.

కొత్తది కొనక తప్పకపోతే

పాతదాని ఏహెచ్, సైజు, ప్లస్ ఏ వైపుందో ఫోటో తీసుకుని వెళ్లండి. ప్లస్ ఎడమకు రావాల్సిన చోట కుడికి వస్తే కేబుల్ అందదు, లాగి బిగిస్తే ఏదో ఒక రోజు ఫ్రేముకు ఒరుసుకుంటుంది. డబ్బా మీద తయారీ నెల అడిగి చూడండి, షాపులో మీ ముందే మీటరు పెట్టించండి. 12.5 కంటే తక్కువుంటే ఎన్ని రోజులు అలమారలో ఉందో ఊహించుకుని ఇంకోటి అడగండి. యాసిడ్ విడిగా వచ్చే రకమైతే, పోశాక కనీసం అరగంట ఆగి, పదో వంతు కరెంటుతో పూర్తిగా ఛార్జ్ చేసి ఇమ్మనండి. యాసిడ్ పోసి వెంటనే బండిలో పెట్టిస్తే బండి స్టార్ట్ అవుతుంది గానీ ఆ బ్యాటరీ మొదటి రోజు నుంచే అరకొరగా బతుకుతుంది.

వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి. పాత బ్యాటరీని పాత ఇనుప సామాన్లవాడికి వేయకుండా అదే షాపులో మార్పిడికి ఇవ్వండి, ధర తగ్గుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించాల్సిన బాధ్యత తయారీదారులది. దాన్ని ఇంటి వెనక పగలగొట్టి సీసం కరిగించే పని మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోకండి. ఆ పొగ, ఆ బూడిద ముందుగా చేరేది అక్కడ ఆడుకునే పిల్లల ఒంట్లోకే.